మూడో ప్రకటన

పెళ్ళి ప్రకటన చదివేటప్పుడు గుడిలో ఎవరూ శ్రద్ధగా వినరు. వరుసగా మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు చదివి, "వీరి వివాహానికి ఎవరికైనా ఆటంకం ఉన్న యెడల తెలియజేయవలెను" అంటారు. అని, ఒక దగ్గు దగ్గి, పాట నంబరు చెప్పేస్తారు. ఆటంకం ఉన్నవాళ్ళు ఆ దగ్గు పూర్తయ్యేలోపే లేవాలి. రేపల్లెలోని ఆ గుడిలో అలా లేచిన మనిషిని ఇంతవరకు ఎవరూ చూడలేదు.

తొంభై మూడు ఆగస్టులో, రెండో ప్రకటన చదివిన ఆదివారం, హెప్సిబా లేచింది. పెళ్ళికూతురు తనే.

"నాకుందండి ఆటంకం" అంది.

జ్ఞానానందం అయ్యగారికి రావలసిన దగ్గు గొంతులోనే ఆగిపోయింది. ముందు వరుసలో ఉన్న ఆమె తండ్రి మోషే మాస్టారు పాటల పుస్తకం మూసేశారు. మగవాళ్ళ వైపు కిటికీ పక్కన లూకా కూర్చుని ఉన్నాడు. తన పేరు గుడిలో చదువుతుంటే వినాలని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు పాపం.

"ఏంటమ్మా ఆటంకం?"

"అందరిలో చెప్పేది కాదండి. మూడోసారి చదవకుండా కొన్నాళ్ళు ఆగితే చాలు."

అని కూర్చుంది. ఆ రోజు పాట ఎవరి రాగంలో వాళ్ళు పాడుకున్నారు.

బయట వాన పడుతోంది. ఆడవాళ్ళంతా చూరు కింద నిలబడి చెవులు కొరుక్కుంటుంటే హెప్సిబా గబగబా మెట్లు దిగింది. వెనకాలే గొడుగు పట్టుకుని లూకా వచ్చాడు.

"నేనేమైనా తప్పు చేశానా?"

"లేదండి."

"పోనీ నా మొహం నచ్చలేదా? ప్రధానం రోజు లైట్లు తక్కువయ్యాయి, ఇవాళ సరిగ్గా కనపడిందా?"

"మీ మొహానికేం? బానే ఉంది. గొడుగంతా మీ వైపే పెట్టుకున్నారు, ముందు దాని సంగతి చూడండి."

లూకా గొడుగు జరిపాడు. ఈసారి తను తడుస్తున్నాడు. హెప్సిబా అది చూసి ఒకడుగు దగ్గరికి జరిగింది. అంతమాత్రానికే వాడి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు చెప్పింది. పెద్దమనిషైనప్పటి నుంచీ నెలనెలా ఆ మూడు రోజులూ నరకమేనట. చెరుకుపల్లి బళ్ళో పాఠం చెబుతూ చెబుతూ బల్ల పట్టుకుని వంగిపోయేదట. ఇక్కడి డాక్టర్‌కి చూపిస్తే, పెళ్ళయితే అదే తగ్గుతుందిలే అన్నాడట.

"అంటే మందు నేనేనన్నమాట" అన్నాడు లూకా.

హెప్సిబా నవ్వలేదు. నవ్వకపోగా అలా చూస్తూ ఉండిపోయింది. ఆ చూపుకి లూకా నాలుక కరుచుకున్నాడు.

"తప్పే. చెప్పు."

"పోయినవారం తెనాలిలో స్కానింగ్ తీశారండి. ఎండోమెట్రియోసిస్ అన్నారు. ఎడమవైపు గడ్డ ఉందట. ఆపరేషన్ చెయ్యాలట. డాక్టరమ్మ చెబుతున్నంతసేపూ నాన్న అలాగేనండి, అలాగేనండి అన్నారు. నేనూ అలాగేనండి అన్నాను. బస్సెక్కాక చూస్తే, నాలోంచి ఏం తీసేస్తారో ఏం ఉంచుతారో మా ఇద్దరికీ తెలీదు."

"మరి మళ్ళీ వెళ్ళి అడుగు."

"ఆవిడ ఎదురుగా కూర్చుంటే నాకు నోరు పెగలదండి. అయినా ఏమీ తెలుసుకోకుండా మిమ్మల్ని చేసుకుంటే మోసం చేసినట్టుంటుంది. ఇందాక అయ్యగారు ఆటంకం అనగానే, కాళ్ళు వాటంతటవే లేచాయి."

"గుడి నిండా జనం ఉంటే లేచి మాట్లాడావు. ఒక్క డాక్టర్‌తో మాట్లాడలేవా?"

"ఆవిడ డాక్టర్ కదండీ."

"నేనూ డాక్టర్‌నే. బైబిల్లో లూకా వైద్యుడా కాదా?"

బైబిల్లో లూకా వైద్యుడే. ఈ లూకా మాత్రం కాలువల ఆఫీసులో గుమాస్తా. ఊరు బాపట్ల, ఉద్యోగం కోసం రేపల్లెలో గది తీసుకుని ఉంటున్నాడు. జ్వరమొస్తే తన మాత్ర తను వేసుకోవడానికే భయపడే రకం. అయినా మర్నాడు సాయంత్రం మోషే మాస్టారి వరండాలో డాక్టర్‌లా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మెళ్ళో స్టెతస్కోపు బదులు హెప్సిబా బట్టలు కుట్టుకునే కొలత టేపు ఉంది.

"ఊఁ. తర్వాత పేషెంటు" అన్నాడు తలెత్తకుండా.

"డాక్టర్ గారూ, మరేమో..."

"మరేమో అనే జబ్బుకి మందు లేదమ్మా. తర్వాత పేషెంటు."

హెప్సిబా కిసుక్కున నవ్వింది. మళ్ళీ మొదలుపెట్టి సగంలో ఆగింది. ఇంకోసారి మొదలుపెట్టి అలాగేనండి దగ్గరికొచ్చి పడింది. ఓ పక్కన పేపరు చదువుతున్న మోషే మాస్టారు ఇక ఉండబట్టలేకపోయారు. ఊళ్ళో సగం మందికి గుడిలో కన్ఫర్మేషన్ క్లాసు చెప్పిన మనిషి ఆయన. ఆయన దగ్గర ప్రశ్నా జవాబూ గడగడా అప్పజెప్పనిదే ఏ పిల్లకీ మొదటి సంస్కారపు రొట్టె దొరికేది కాదు.

"ప్రశ్నంటే కూర్చుని గొణిగేది కాదు. లేచి నిలబడు. చేతులు కట్టుకో. గట్టిగా, ఆపకుండా చెప్పు."

హెప్సిబా లేచి చేతులు కట్టుకుంది. ఏం తీస్తారు, ఏం ఉంచుతారు? నొప్పి పూర్తిగా పోతుందా, మళ్ళీ వస్తుందా? బడికి ఎప్పుడు వెళ్ళొచ్చు? ఒక్కో ప్రశ్న ముగ్గురూ కలిసి కూర్చారు. కడుపు, గర్భసంచి అనే మాటలు కూతురి నోట వింటుంటే మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు కానీ లోపలికి మాత్రం వెళ్ళలేదు.

కాసేపటికి పేపరు వెనకనుంచి అన్నారు: "నీకు మత్తిచ్చాక వాళ్ళు బయటికొచ్చి, ఫలానాది కూడా తీసెయ్యమంటారా అని నన్నడిగితే, నేనేం చెప్పాలమ్మా? అదీ అడుగు."

"మిమ్మల్ని అడగొద్దంటా నాన్నా. ఏదైనా ముందే నన్నడగమంటా."

మాస్టారు పేజీ తిప్పారు.

"అదే మంచిది" అని, టీ పెట్టే వంకతో లోపలికి వెళ్ళిపోయారు. భార్య పోయాక వంటిల్లు ఆయనదే.

వరండాలో ఇద్దరే మిగిలారు. వాన సన్నగా మొదలైంది. హెప్సిబా ఇంకా చేతులు కట్టుకునే ఉంది.

"ఇంకో ప్రశ్నుంది డాక్టర్ గారూ. ఈ జబ్బున్నవాళ్ళకి పిల్లలు పుట్టడం కష్టమంటగా. పుట్టకపోతే, నేను వెళ్ళే ఇంట్లో నన్నేమంటారండి?"

లూకా మెళ్ళోంచి టేపు తీశాడు. చుట్ట చుట్టి కుర్చీ చేతి మీద పెట్టాడు. వాడి మొహంలో అల్లరి ఎటుపోయిందో పోయింది.

"అది డాక్టర్ని అడిగేది కాదు."

"మరెవర్ని అడగాలి?"

"నాకు కొంచెం టైమివ్వు హెప్సీ" అన్నాడు. టీ కూడా తాగకుండా వానలోనే వెళ్ళిపోయాడు. గొడుగు వరండాలో ఉండిపోయింది.

మర్నాడు బస్టాండులో లూకా లేడు. హెప్సిబా చెరుకుపల్లి బస్సెక్కే వేళకి వాడికి రోజూ సరిగ్గా అక్కడే టీ తాగబుద్ధేస్తుంది. ఆ టీ కొట్టువాడికి కూడా తెలుసు ఆ సంగతి. ఆ పై రోజూ లేడు.

"సెలవు పెట్టి బాపట్ల వెళ్ళాడట కదే" అంది తోటి టీచరు రూతు. రూతు వాళ్ళాయన కూడా కాలువల ఆఫీసులోనే.

తల్లి దగ్గరికి వెళ్ళాడంటే ఇంక వేరే చెప్పాలా, అనుకుంది హెప్సిబా. కృపమ్మగారికి ఒక్కడే కొడుకు. మనవల కోసం ఎదురుచూడని తల్లి ఉంటుందా? తప్పు వాళ్ళది కాదు. అలా అని తనకు తనే ఎంతో చక్కగా నచ్చజెప్పుకుంది. నచ్చజెప్పుకున్నాక బస్సు కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. గొడుగు సరిగ్గా పట్టుకోవడం కూడా రాని ఆ మనిషంటే తనకి ఇంత ఇష్టమని అప్పుడే తెలిసింది.

శుక్రవారం తెనాలి నర్సింగ్ హోమ్‌లో బల్ల మీద తండ్రీ కూతుళ్ళు కూర్చుని ఉండగా, గుమ్మం దగ్గర లూకా కనిపించాడు. వాడి వెనక కృపమ్మ. బాపట్ల నుంచి పొద్దున్నే రైలెక్కినట్టుంది, చీర కుచ్చిళ్ళు నలిగి ఉన్నాయి. మొహం సీరియస్‌గా ఉంది.

"జరుగమ్మాయ్" అని హెప్సిబా పక్కనే కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుని డాక్టర్ గది తలుపు వైపే చూడసాగింది. లూకా ఏదో చెప్పబోయేసరికి నర్సు హనుమాయమ్మ వచ్చి హెప్సిబా పేరు పిలిచింది.

"ఇంతమందేంటండీ? పేషెంటు ఎవరు?" అంది నలుగుర్నీ చూసి.

డాక్టర్ సీతారావమ్మ కాగితాలు తిరగేసి, అలవాటుగా మోషే మాస్టారి వైపు తిరిగింది. "ఆపరేషన్ బుధవారం పెట్టుకుందామండీ."

మాస్టారి నోట్లోంచి అలాగేనండి బయటికి రాబోయింది. ఆయన దాన్ని మింగి, కూతురి వైపు చెయ్యి చూపించారు.

"అమ్మాయి మాట్లాడుతుందండి."

హెప్సిబా లేచింది. లేచి నిలబడి, చేతులు కట్టుకుని, ఎదురుగా గోడ మీది క్యాలెండరు చూస్తూ, గట్టిగా, ఆపకుండా, ప్రశ్నలన్నీ ఒకే ఊపిరిలో అప్పజెప్పేసింది. చివర్లో ఆమెన్ అనబోయి ఆపుకుంది.

హనుమాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"కూర్చోమ్మా" అంది డాక్టరమ్మ నవ్వాపుకుంటూ. "పరీక్ష నీకనుకున్నా, నాకన్నమాట. ఒక్కొక్కటే చెబుతా. తెలీకపోతే మధ్యలో ఆపు."

మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిదే బయట కూడా పెరుగుతోందనీ, నెలనెలా అది రేగినప్పుడల్లా నొప్పనీ చెప్పింది. గడ్డ వరకూ తీసి అండాశయాన్ని ఉంచడానికే చూస్తానంది. నొప్పి చాలావరకు తగ్గుతుంది, కానీ మళ్ళీ రాదని మాటివ్వలేనంది.

"ఇక పిల్లలు. కొందరికి మామూలుగానే పుడతారమ్మా. కొందరికి ఆలస్యమవుతుంది, కొందరికి పుట్టరు. నీ సంగతి ఇప్పుడే చెబితే అది అబద్ధమవుతుంది. లోపల గడ్డతో పాటు ఆ అండాశయం మరీ పాడై ఉంటే తీసెయ్యాల్సి రావచ్చు. అప్పుడేం చెయ్యమంటావు?"

"రెండోది బాగుంటే ఇది తీసెయ్యండి. గర్భసంచి మాత్రం, ప్రాణం మీదికొస్తే తప్ప, నన్ను లేపి అడక్కుండా తియ్యకండి."

"సరే. అదే రాసుకుంటున్నా."

ఇంతలో పక్కనుంచి కృపమ్మ గొంతు సవరించుకుంది.

"నాకూ కొన్నున్నాయండి."

పిల్లల సంగతి అడుగుతుంది ఇప్పుడు, అనుకుంది హెప్సిబా. మొహం మీదే అడుగుతుంది.

"ఆపరేషనయ్యాక మొదట ఏం పెట్టాలండి ఈ పిల్లకి? చారన్నం పెట్టొచ్చా?"

"పెట్టొచ్చండి."

"బిందె ఎత్తకూడదు కదూ? మా ఇంట్లో నీళ్ళు లూకా పడతాడులెండి. మళ్ళీ ఆ నొప్పొస్తే ఇంట్లో మేమేం చెయ్యాలి? వేడినీళ్ళ కాపడం పెట్టొచ్చా, వెంటనే బండి కట్టుకుని ఇక్కడికి రావాలా? పెళ్ళి ఎన్నాళ్ళు ఆగితే మంచిది? పట్టుచీర బరువుకి కుట్లు ఒరుసుకుంటాయేమో, నూలుచీర తియ్యమంటారా?"

డాక్టరమ్మ అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. హెప్సిబా మాత్రం ఆ ఒక్క ప్రశ్న కోసమే ఎదురుచూస్తోంది.

"ఇంకేమైనా ఉన్నాయా అండీ?"

"ఇంకేముంటాయండి? ఇంతే" అంది కృపమ్మ, సంచీ సర్దుకుంటూ.

బయట వరండాలో లూకా దొరికాడు.

"టైమిమ్మని అడిగి ఊరు దాటేశారేం?"

"నువ్వడిగింది నా మాట కాదుగా హెప్సీ. ఆ ఇంట్లో ఏమంటారన్నావు. ఆ ఇంట్లో ఉన్నది అమ్మ. కనుక్కోకుండా ఏం చెప్పను?"

"ఒకవేళ ఆవిడ కాదంటే?"

"రేపల్లెలో మనిద్దరికీ రెండు గదుల వాటా ఒకటి చూసి, అప్పుడే రైలెక్కాను."

"మరి అత్తయ్యగారు ఏమన్నారు?"

"తిట్టింది."

"నన్నా?"

"నన్ను. అక్కడ పిల్ల అంత నొప్పి పడుతుంటే, వదిలేసి ఇక్కడికొచ్చి నన్ను అడుగుతున్నావేంట్రా, మనిషివేనా, అంది." లూకా తల వంచుకున్నాడు. "అమ్మ చెప్పాల్సింది లోపల చెప్పేసింది. ఇక నాది. నాకు నువ్వు కావాలి హెప్సీ. పిల్లలు పుడితే సంతోషం. పుట్టకపోయినా నువ్వుంటావు కదా."

"గొడుగు మా ఇంట్లోనే ఉంది" అంది హెప్సిబా కళ్ళు తుడుచుకుంటూ. "వచ్చి తీసుకెళ్ళండి."

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డ తీశారు, అండాశయం నిలిచింది. కృపమ్మ రేపల్లె వచ్చి మోషే మాస్టారి వంటింట్లో మకాం వేసి, చారులో మిరియాలు ఎన్ని వెయ్యాలో ఆయనకే నేర్పింది.

అక్టోబరులో ఒక ఆదివారం అయ్యగారు మూడో ప్రకటన చదివారు. ఈసారి గుడిలో దగ్గినవాళ్ళు లేరు. "ఎవరికైనా ఆటంకం ఉన్న యెడల" అని, అయ్యగారు కళ్ళజోడు పైనుంచి ఆడవాళ్ళ వైపు చూశారు. గుడంతా అటే తిరిగింది.

హెప్సిబా బల్ల పట్టుకుని మెల్లగా లేచింది. కిటికీ పక్కన లూకా మొహంలో రంగు పోయింది.

"ఆటంకం లేదండి" అంది. "ఒక్క ప్రశ్నుంది. పెళ్ళిలో ఆశీర్వాదానికి మోకాళ్ళ మీద ఎంతసేపు ఉండాలండి? కుట్లు ఇంకా లాగుతున్నాయి."

అయ్యగారు జవాబు వెతుక్కునేలోపే హెప్సిబా పక్కనుంచి కృపమ్మ లేచింది.

"ప్రార్థన కొంచెం చిన్నది చెయ్యండి అయ్యగారూ. మోకాళ్ళ కింద దిండు నేను తెస్తాను."

అప్పుడు దగ్గారు అయ్యగారు. దగ్గి, పాట నంబరు చెప్పారు.