ఎర్ర దీపం మీద క్యారేజీ సంచి

ఆ ఇంట్లో పొద్దున ఎనిమిదిన్నరకి ఫోను ఉండే చోటు స్టీలు గిన్నె. గిన్నెలో పెడితే గట్టిగా వినిపిస్తుందని తల్లి కనిపెట్టిన కిటుకది. అందులోంచి కూతురి గొంతు గలగలమంటోంది.

"మా వీధి రేడియో వింటున్నారు. మూడో సందువాళ్ళూ, పదింటికి నీళ్ళు ఆగిపోతాయట. బకెట్లు నింపుకోండి. తర్వాత నన్ను తిట్టుకోకండి!"

ముందు గదిలో పేపరు చదువుతున్న తండ్రి గొంతు సవరించుకున్నాడు. ఆపమని అర్థం. తల్లి గిన్నె మీద మూత పెట్టింది, కానీ పూర్తిగా కాదు.

తండ్రి బస్టాండు మైకులో బస్సులు పిలిచే ఉద్యోగం చేసి, మోకాళ్ళ నొప్పులని ముందే మానేసి ఇంట్లో కూర్చున్నాడు. చిన్నప్పుడు కూతురికి వసపిట్ట అని పేరు పెట్టింది ఆయనే. ఆ వసపిట్ట శుభ్రమైన ఆఫీసు ఉద్యోగం వదిలేసి, ఇస్త్రీ దుకాణం పై గదిలో ఇంటర్నెట్ రేడియో పెట్టిన రోజు నుంచి ఆయన కూతురితో మాటలు మానేశాడు. మూడు నెలలు! ఒకే ఇంట్లో ఉంటూ, "మీ అమ్మాయిని ఉప్పందించమను" అని రాయబారాలు. మధ్యలో తల్లికి తలప్రాణం తోకకొస్తోంది.

"పదకొండింటికి మా స్నేహితుడి ఆఫీసులో దానికి ఇంటర్వ్యూ. నేనే కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను," అన్నాడాయన. "వెళ్ళకపోతే ఇక నన్ను నాన్నా అని పిలవొద్దని చెప్పు."

"ఆ మాట నా నోటితో చెప్పించకండి."

"చెప్పు."

తల్లి క్యారేజీ సర్దుకుని బయల్దేరింది. కూతురి రేడియో చూడటం ఆమెకిదే మొదటిసారి. ఇనుప మెట్లెక్కి తలుపు తీసేసరికి ఒక గదీ, రెండు కుర్చీలూ, ఒక మైకూ కనిపించాయి. బయటి చప్పుడు రాకుండా గోడలకి పాత దుప్పట్లు కొట్టి ఉన్నాయి.

"ఏమే, నా పెళ్ళినాటి దుప్పటి కనబడటం లేదని ఇల్లంతా వెతుకుతున్నాను!"

కూతురు నవ్వి, పాట పెట్టి వచ్చి తల్లిని కావలించుకుంది. "మైకు తెరిచుంటే ఆ గోడ మీద ఎర్ర దీపం వెలుగుతుందమ్మా. అప్పుడు మాత్రం నోరు మెదపకు."

తల్లి బుద్ధిగా తలూపింది. తర్వాత క్యారేజీ సంచి పెట్టడానికి చోటు కనబడక, మేకులా ఉందని ఆ దీపానికే తగిలించింది. బల్ల మీద దుమ్ము చూసి ఊరుకోలేక కొంగుతో తుడిచింది. ఆ తుడుపుకి మైకు మీట పైకి జరిగింది. సంచి కింద దీపం వెలిగింది. అది ఇద్దరూ చూడలేదు.

తల్లి ఇంటర్వ్యూ సంగతి చెప్పింది కానీ, నాన్నా అని పిలవొద్దన్న మాట చెప్పలేక నీళ్ళు నములుతూనే ఉంది. ఇంతలో మెట్ల మీద అడుగులు వినిపించాయి. తండ్రి! భార్య చెప్పదని ఆయనకు తెలుసు.

"పది నలభై అయింది. లే," అన్నాడు కూతురితో. మూడు నెలల తర్వాత మొదటి మాట అది.

"రాను నాన్నా."

"వినేదెంతమందే నీ సోది?"

"ఇవాళ అరవై రెండు మంది."

"నా మాటకి రోజుకి వేలమంది కదిలేవాళ్ళు! అయినా ఏమైంది? మాటని నమ్ముకుంటే నట్టేట ముంచుతుందే! ముప్పై ఒక్క ఏళ్ళు పిలిచాను. పరుగెత్తుకొచ్చే పెద్దవాళ్ళు కిటికీలోంచి కనబడితే, 'నీలం గొడుగు అమ్మగారూ, నిదానంగా రండి, బస్సు ఆగుతుంది' అని చెప్పేవాణ్ణి. ఒకరోజు ఒక పెట్టె తెచ్చి పెట్టారు. మీట నొక్కితే అదే పిలుస్తుంది. నన్ను ఇంటికి పొమ్మన్నారు. మర్నాడు ఉండబట్టలేక వెళ్ళి, సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్నాను. పెట్టె అరుస్తోంది, జనం ఎక్కుతున్నారు. ఆ మనిషేమయ్యాడని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అలాంటి రోజు నీకు రాకూడదనేనే నా ఏడుపంతా!"

కూతురు నిలువునా నీరైపోయింది. తల్లి మాత్రం వేరే లెక్కలో ఉంది.

"మరి మోకాళ్ళ నొప్పులన్నారు?"

"అబద్ధం చెప్పాను."

"రెండేళ్ళుగా పూటపూటా నూనె రాస్తున్నాను కదండీ! ఒక్కనాడైనా వద్దనలేదే!"

"హాయిగా ఉండేది," అన్నాడాయన తలవంచుకుని.

టింగ్ మంది కంప్యూటరు. మళ్ళీ టింగ్. ఆగకుండా టింగ్ టింగ్. పాట ఎప్పుడో అయిపోయింది. కూతురు తెర చూసి కొయ్యబారిపోయింది. మొదటి సందేశం ఇస్త్రీ దుకాణం ఆయనది: "పిన్నిగారూ, ఆ నూనె ఏదో చెప్పరూ? నావి నిజం మోకాళ్ళే."

"అమ్మా! సంచి ఎక్కడ తగిలించావ్?"

"మేకుంది కదా అని..."

సంచి తీస్తే ఎర్ర దీపం నిప్పుకణికలా వెలుగుతోంది. తండ్రి ముఖం పాలిపోయింది. ఎవరికీ చెప్పుకోని అవమానం వీధంతా వినేసింది. ఆయన గబగబా తలుపువైపు నడిచాడు. అప్పుడే ఫోను మోగింది. కూతురు దాన్ని స్పీకరులో పెట్టింది.

"నీలం గొడుగు నాదే బాబూ," అంది ఒక ముసలి గొంతు.

తండ్రి గడప దగ్గర ఆగిపోయాడు.

"గొంతు మారిన రోజే అడిగాను, ఆయనేరీ అని. టిక్కెట్ల కిటికీలోవాళ్ళు తెలియదన్నారు. పోయావేమో అనుకున్నాను నాయనా. ఆ పూట అన్నం సయించలేదు. బతికే ఉన్నావా తండ్రీ!"

"అడిగారా?" అన్నాడాయన. "నిజంగా అడిగారా?"

"వారం రోజులు అడిగాను. ఒక్కసారి మళ్ళీ పిలవవూ?"

కూతురు లేచి తన కుర్చీ ఆయనవైపు జరిపింది. "నాన్నా, పదకొండవుతోంది," అంది మెల్లగా.

"అవనీయవే, వసపిట్టా."

ఆయన కూర్చున్నాడు. మైకుని ఎడమచేత్తో కాస్త వంచి, గొంతు సవరించుకున్నాడు. ఈసారి దానికి ఆపమని అర్థం కాదు.

"నీలం గొడుగు అమ్మగారూ, నిదానంగా రండి. బస్సు ఆగుతుంది."

అవతల ఆమె ఏడుస్తోంది. ఇవతల కూతురు తండ్రి భుజంలో ముఖం దాచుకుని వెక్కుతోంది. తల్లి కొంగు కళ్ళకి అద్దుకుని, "రేపటినుంచి నూనె లేదు," అంది. అరవై రెండు మందీ అదీ విన్నారు. మైకు మూయాలన్న సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తులేదు.