అన్నీ పచ్చచుక్కలే

ఆఖరి గంటకి ఇంకా పది నిమిషాలుంది. టీచర్ గోడమీది చార్టు చూసి పిలిచింది. "ఏయ్ వాగుడుకాయా! ఇంగ్లీషులో నీకు అన్నీ పచ్చచుక్కలే కదా. కొత్తమ్మాయిని కాస్త నువ్వు చూసుకోమ్మా."

ఆ క్లాసులో ఇంగ్లీషుకి మార్కులు వేసేది టీచర్ కాదు. ఎవరి చుక్క వాళ్ళే పెట్టుకోవాలి. వస్తే పచ్చ, ఇంకా రాకపోతే ఎరుపు. మన వాగుడుకాయకి ఎరుపంటే మహా నామోషీ. 'అడిగింది అర్థం చేసుకోగలను' అన్నచోట కూడా టకటకా పచ్చే పెట్టేసింది. అడిగేదెవరులే అని ధీమా!

కొత్తమ్మాయికి తెలుగు ఒక్క ముక్క రాదు. గంట కొట్టాక వరండాలోకి రాగానే ఇంగ్లీషులో గడగడా ఏదో అడిగింది. వాగుడుకాయకి అందినవి రెండే మాటలు, బస్సు, గేటు. తెల్లమొహం వేస్తే పరువు పోదూ? "ఎస్! ఎస్!" అంటూ ముందుగేటు చూపించి ఆటకి పరిగెత్తింది.

నాన్న వచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటికి పిల్లలంతా వెళ్ళిపోయారు. కొత్తమ్మాయి మాత్రం ముందుగేటు మెట్లమీద బ్యాగు కావలించుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పక్కనే ఆయమ్మ.

"పాపం, ఎవరో ఈ గేటు చూపించారని ఆఫీసులో చెప్పిందట. దీని బస్సేమో వెనకగేటు నుంచి ఎప్పుడో వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ వస్తోందిలే" అంది ఆయమ్మ.

ఆ 'ఎవరో' ఎవరో వాగుడుకాయకి తెలుసు. తల కొట్టేసినట్టయింది. ఒప్పుకోకుండానే వెళ్ళి నాన్న బండి వెనక ముడుచుకుని కూర్చుంది.

"ఏంటి తల్లీ, ఇవాళ రేడియో ఆగిపోయింది?" అన్నాడు నాన్న.

దాంతో ఏడుపు తన్నుకొచ్చింది. జరిగిందంతా చెప్పేసింది. "నాకు అర్థం కాలేదు నాన్నా. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది."

"మరి ఇప్పుడో?"

"ఇప్పుడు ఇంకా ఎక్కువ సిగ్గుగా ఉంది."

మర్నాడు పొద్దున్నే టీచర్ దగ్గరికి వెళ్ళి, చేసిన పని ఒప్పుకుంది. "నా చుక్క మార్చెయ్యండి టీచర్."

"పెట్టింది నువ్వు, మార్చాల్సిందీ నువ్వే. అయినా నువ్వు ఏడిపించింది చార్టుని కాదుగా?"

వాగుడుకాయ చెవులు ఎర్రబడ్డాయి. తలొంచుకుని కొత్తమ్మాయి బెంచీ దగ్గరికి నడిచింది. క్లాసంతా చూస్తోంది. ఎవరి సాయమూ లేకుండా కూర్చుకున్న ఇంగ్లీషు మాటల్ని ఒక్కొక్కటే బయటపెట్టింది. "నిన్న నువ్వు అడిగింది... నాకు అర్థం కాలేదు. తప్పు నాదే. సారీ."

కొత్తమ్మాయి కాసేపు మొహం తిప్పుకునే కూర్చుంది. తర్వాత ఇటు తిరిగి, నెమ్మదిగా ఏదో అడిగింది.

వాగుడుకాయకి సగమే అర్థమైంది. క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. అయినా అర్థమైనట్టు తలూపలేదు.

"ఇంకోసారి చెప్పవా?" అంది ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా.