నాలుగో నంబరు గొంతు

"మీ ఇంజనుకి వేరే గొంతు తగిలించారట! ఏనుగు నోట్లోంచి దూడ అరిచినట్టుందట! ఏమిటండీ ఈ అన్యాయం?"

సెప్టెంబరు మొదటి మంగళవారం పొద్దున్నే, చారిత్రక రైల్వే పార్కు టిక్కెట్ల గదిలో ఫోనెత్తిన లేటన్‌కి వినబడ్డ తొలి పలుకులివి. రైలుకూత గురించి కారుకూతలు వినడం అతనికదే మొదలు.

"అమ్మా, ఇక్కడ టిక్కెట్లు అమ్ముతాం. గొంతు డాక్టరు నంబరు వేరే ఉంటుంది."

"వెటకారమా? నా పేరు కోరిన్. మా తాతయ్య హోబర్ట్ ముప్పై ఏళ్లు నాలుగో నంబరు ఇంజను నడిపాడు. ఇప్పుడు మూడు మైళ్ల అవతల మా ఇంటి వరండాలో కూర్చుని రోజూ మీ కూత వింటాడు. విన్నప్పుడల్లా, అది దీని గొంతు కాదంటాడు. ఆయన చెవి తప్పంటారా?"

"ఎన్నాళ్లనుంచి అంటున్నారు?"

"నేను పుట్టకముందునుంచి. ఇవాళ నాకు విసుగొచ్చింది."

లేటన్ నవ్వాపుకున్నాడు. ఇరవయ్యెనిమిదేళ్లవాడు. కాలేజీ ఇచ్చిన పట్టా ఒకటుంది కానీ, అతని మనసు మాత్రం ఇనప పట్టాల మీదే ఉంది. వారంలో అయిదు రోజులు ఫోను దగ్గర, శని ఆదివారాలు అదే ఇంజనులో బొగ్గు దగ్గర. బొగ్గు చేతిలో ఉంటుంది, మసి బుగ్గ మీదుంటుంది.

"మీ తాతయ్యగారిని ఒకసారి తీసుకురండి. దగ్గరనుంచి విని చెబుతారు. కానీ అక్టోబరు ఆఖరి ఆదివారం లోపల రావాలి. ఆ తర్వాత నాలుగో నంబరుని విప్పేస్తారు. బాయిలరు బాగుచేసి మళ్లీ బిగించేసరికి అయిదేళ్లు పడుతుంది."

ఇందాకటి జోరు లేకుండా అంది కోరిన్: "తాతయ్యకి ఎనభయ్యారండీ."

అలా మొదలైంది ప్లాను. రైలు ప్రయాణం గంటన్నర, దాని ప్లాను ఏడు వారాలు. కోరిన్ కౌంటీ లైబ్రరీలో పనిచేస్తుంది. పుస్తకాన్నయినా తాతనయినా వరసలో పెట్టందే ఊరుకోదు. రెండో బోగీ, ఎడమపక్క సీటు. మెట్లెన్ని? మధ్యలో బాత్‌రూము ఎక్కడ? వానొస్తే కిటికీ మూసే వీలుందా? రోజుకో ప్రశ్న, ప్రశ్నకో ఫోను. అన్నీ ఒకేసారి అడిగేస్తే మర్నాడు ఫోను చేయడానికేం మిగలదని ఆవిడకీ తెలుసు, ఇతనికీ తెలుసు. ఆ సంగతి మాత్రం ఇద్దరూ అనుకోలేదు.

"రేపేం అడుగుతారు?" అన్నాడొకరోజు ధైర్యం చేసి.

"మెత్తని దిండు తెచ్చుకోవచ్చా అని."

"తెచ్చుకోవచ్చు."

"అయ్యో, ఇవాళే చెప్పేశారే!"

చిక్కల్లా తాతయ్యతోనే. తారీఖు ఖాయం చేసినప్పుడల్లా ఆయనకి మోకాలు నొప్పి. మరోసారి దగ్గు. మరోసారి, ఆకాశం తీరు బాగాలేదు. బండినయితే కదిలించొచ్చు, మొండిని ఎవరు కదిలిస్తారు?

అక్టోబరు మూడో వారంలో కోరిన్ గొంతు తడిగా వచ్చింది. "రానంటున్నాడు. రాత్రి కేకలేశాడు కూడా. ఆ ఇంజనంటే ప్రాణం, రమ్మంటే కోపం. నాకర్థం కావడం లేదు లేటన్."

'గారు' ఊడిపోయింది. అది గమనించి సంతోషించాల్సిన సమయం కాదని అతనికి తెలుసు. అయినా కాస్త సంతోషించాడు.

"నేనొచ్చి మాట్లాడనా?"

గురువారం సాయంత్రం మేపుల్ ఆకులు తడిసి రోడ్డుకి అంటుకుపోయేంత వాన. తలుపు తీసిన కోరిన్, తను ఏడు వారాలుగా ఊహించుకున్న మనిషికీ ఎదురుగా ఉన్న మనిషికీ మధ్య తేడాలు వెతుకుతున్నట్టు చూసింది.

"ఫోనులో పొడుగ్గా ఉన్నావు."

"తడిసి కుంచించుకుపోయాను."

లోపల హోబర్ట్ కుర్చీలో కూర్చుని, "టిక్కెట్లబ్బాయివా? నీ దగ్గర అమ్మడానికేం లేదు, నా దగ్గర కొనడానికేం లేదు. బీన్స్ తిని వెళ్లు," అన్నాడు.

లేటన్ ఆయన మాట వినడం లేదు. కుర్చీ పక్కనున్న దీపాన్ని చూస్తున్నాడు. పైన కుట్టుపూల గుడ్డ తొడుగు. కింద మూరెడు ఇత్తడి గొట్టం, అద్దంలా మెరుస్తోంది. గొట్టానికి అయిదు సన్నటి నోళ్లు. అడుగున చిన్న మీట.

ఏ దీపానికీ మీట అక్కర్లేదు. పార్కు రిజిస్టరులో నాలుగో నంబరు పేజీ అతనికి కంఠతా వచ్చు: "విజిలు, ఇత్తడిది, అయిదు స్వరాలది: దొరకలేదు."

అతను తలెత్తేసరికి ముసలాయన అతన్నే చూస్తున్నాడు.

"కోరీ, కాఫీ పెట్టమ్మా," అన్నాడు హోబర్ట్. మనవరాలు వంటింట్లోకి వెళ్లాక గొంతు తగ్గించాడు. "ఈ బండ్లు నడిపించిన కలప మిల్లు మూసేసిన రోజు తుక్కువాళ్లు లారీలతో వచ్చారు. ఇంజనులన్నీ తుక్కుకే పోతాయనుకున్నాను. దీన్ని ఒక్కదాన్నీ ఊడదీసి కోటు కింద పెట్టుకొచ్చాను. మూడేళ్లకి ప్రభుత్వం నాలుగో నంబరుని కొని పార్కు పెట్టింది. అప్పుడే ఇచ్చేయాల్సింది. సిగ్గేసింది. ఆ తర్వాత భయమేసింది. ఏ మొహం పెట్టుకుని ఆ బండెక్కను బాబూ? దొంగని."

లేటన్ ఆయన కుర్చీ దగ్గరికి జరిగాడు.

"దొంగయితే అమ్ముకునేవాడు తాతయ్యా. మీరు దీపం పెట్టుకున్నారు."

"మాటలు బాగానే చెబుతావు. మీ పార్కులో ఏమంటారు?"

"అది నాకూ తెలీదు. అడుగుతాను. మీరు నాతో పంపిస్తేనే."

హోబర్ట్ దీపం తొడుగు తీసి, ఇత్తడి మీద చెయ్యి వేశాడు. "ఒక్కో డ్రైవరుకి ఒక్కో కూతుండేది. నాది ఒక పొడుగు, రెండు పొట్టి, చివరికి జారుతూ ఇంకో పొడుగు. వంతెన మలుపులో నేను లాగితే మా ఆవిడ ఐవా మొక్కజొన్న రొట్టె పొయ్యిలో పెట్టేది. రొట్టె దిగడం, నేను గుమ్మంలోకి రావడం, ఒకటే. నువ్వెవరికోసం లాగుతావు?"

"నేనింకా బొగ్గు వేసేవాణ్ణే తాతయ్యా. లాగనిస్తే మా డ్రైవరు నవ్వుతాడు, టీ కెటిలు కూసిందని."

"వినేవాళ్లు లేకపోతే కెటిలే."

కాఫీతో వచ్చిన కోరిన్‌కి తొడుగు తీసేసిన దీపం, తలదించుకున్న తాత కనబడ్డారు. సంగతి విని చతికిలబడింది. "నేను దీనికిందే కదా ఎక్కాలు నేర్చుకున్నాను!" అని నవ్వింది. నవ్వుతూనే తాత తల తన భుజానికి ఆనించుకుంది.

మర్నాడు పార్కు అధికారిణి ఆ విజిలుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఆవిడ ఎవర్నీ ఊరికే వదిలిన దాఖలా లేదు. లేటన్‌కి, బాయిలరులో ఉండాల్సిన ఆవిరంతా తన చెవుల్లోంచి వస్తున్నట్టుంది.

"ఇన్నేళ్లూ తుడుస్తూనే ఉన్నాడా?"

"ప్రతి ఆదివారం, చర్చినుంచి రాగానే."

ఆవిడ రిజిస్టరు తెరిచింది. "దొరకలేదు" కొట్టేసింది. "హోబర్ట్ గారు భద్రపరిచి అప్పగించారు" అని రాసింది. పెన్ను మూత పెట్టి, "ఆదివారానికి బిగించండి," అంది.

ఆఖరి ఆదివారం వాన వెలిసింది. ప్రయాణికులు ఇంజనులోకి ఎక్కకూడదు. అది రూలు. హోబర్ట్ ఎక్కుతున్నంతసేపూ అధికారిణి ఆకాశంలో ఏదో పక్షిని తదేకంగా చూసింది. పక్షి మాత్రం లేదు. ఏడు వారాల ప్లానులోని రెండో బోగీ, ఎడమపక్క సీట్లో కోరిన్, ఆమె పక్కన ఖాళీగా దిండు.

వంతెన మలుపులో హోబర్ట్ విజిలు తాడందుకున్నాడు. ఒక పొడుగు. రెండు పొట్టి. ఆ తర్వాత కొండ మీదినుంచి లోయలోకి మెల్లగా జారుతూ ఇంకో పొడుగు. కింద ఇళ్లలోంచి ముసలివాళ్లు వరండాల్లోకి వచ్చి నిలబడ్డారు. ఒకాయన టోపీ తీశాడు. లేటన్ పార పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నిప్పు తగ్గుతోందని డ్రైవరు మోచేత్తో పొడవాల్సొచ్చింది.

"ఐవా రొట్టె పెట్టేసుంటుంది," అన్నాడు హోబర్ట్, ఎవరితోనూ కాకుండా.

దిగాక అలసిపోయాడు. కోరిన్ ఆయన్ని కారెక్కించి, లేటన్ వైపు చూసి ఏదో అనబోయి, "థాంక్స్" అని ఊరుకుంది. ప్లాను పూర్తయింది. రేపు అడగడానికి ప్రశ్నలేం లేవు. అతనికి ఆ మధ్యాహ్నం బొగ్గు రోజూకన్నా బరువనిపించింది.

నాలుగో నంబరు ఆఖరి ట్రిప్పులో, అదే మలుపు దగ్గర, డ్రైవరు పక్కకి జరిగి తాడు చూపించాడు. "కానీ, కెటిలూ."

లేటన్ లాగాడు. ఒక పొడుగు. ఒక పొట్టి. చివరిది తగ్గబోయి, అతను ఆపేలోపలే పైకి లేచింది. డ్రైవరు నవ్వలేదు.

స్టేషనుకొచ్చేసరికి టిక్కెట్ల గదిలో ఫోను మోగుతోంది. మసి చేతుల్తోనే ఎత్తాడు.

"మళ్లీ గొంతు మార్చారట!" అంది కోరిన్. ఊపిరి కాస్త ఎగబీలుస్తోంది. "ఇది తన కూత కాదంటున్నాడు తాతయ్య. చివర్న పైకి లేచిందట, ఎవర్నో ఏదో అడుగుతున్నట్టు."

"అడిగాను."

అవతల పొయ్యి తలుపు మూసిన చప్పుడు.

"రొట్టె పొయ్యిలో పెట్టేశాను లేటన్. ఇరవై నిమిషాలు. మా ఇంటికి పావుగంట పడుతుంది."

"ఇది ప్లానులో ఉందా?"

"లేదు. ఈ ఒక్కదానికీ ప్లాను లేదు."

వెనకనుంచి ముసలి గొంతు కేకేసింది: "మొహం కడుక్కుంటూ కూర్చోవద్దను, మాడిపోతుంది!"