వీపు తిప్పి కూర్చున్నవాడు

ఆ మేడ మీది వెనక గదికి చెడ్డ పేరుంది.

కింద టైలరు కొట్టు, పక్కన చెప్పుల కొట్టు. రెంటి మధ్యలోంచి మెట్లు — ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు. ఎక్కితే ముందు ఫోటో స్టూడియో, దాని వెనక ఆ గది. ఒకప్పుడు అందులో ఫోటోలు కడిగేవాళ్ళు. పొద్దుపోయాక అక్కడ కుర్చీలో ఎవడో కూర్చుంటాడనీ, ఎప్పుడు చూసినా వాడి వీపే కనిపిస్తుందనీ చెప్పుకునేవారు. వాడు ఇటు తిరిగితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. చూసినవాళ్ళు మిగల్లేదు కాబట్టి అని కొందరు. అసలు చూసినవాళ్ళే లేరు కాబట్టి అని మా అక్క.

నా సంగతంటారా, పాసుపోర్టు ఫోటో కోసం ఒక్కసారి ఎక్కాను ఆ మెట్లు. అదీ మిట్టమధ్యాహ్నం. ఆ ఫోటో చూసిన ఆఫీసరు, “ఒంట్లో బాగుండటం లేదా అండీ?” అని పాపం కుర్చీ వేయించాడు. కాబట్టి ఇది నేను చూసిన కథ కాదు. మా బావ చెబితే విన్నది.

అక్క మొగుడైన మా బావ ఆ గదిలోనే పని చేస్తాడు. పాత వీడియో క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడుచేస్తూ నేర్చుకున్నాడు. మొదట పాడుచేసింది నా పెళ్ళి క్యాసెట్టే. ఇప్పటికీ ఆయన మా ఇంటికొస్తే కాఫీలో చక్కెర వెయ్యడం మా ఆవిడ మరిచిపోతుంది.

ఒక సాయంత్రం కొట్టు కట్టేసే వేళకి ఒక నర్సమ్మ వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. గుప్పిట్లోంచి చిన్న క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

“అన్నా, ఇందులో మా నాన్న గొంతుంది.”

“గొంతా?”

“ఆపరేషనైంది. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఆయన మాట మాకు మిగిలింది ఇందులోనే. చిన్నప్పుడు నేనే తీశాను.” ఆగింది. “వారం నుంచి గోడవైపు తిరిగి పడుకుంటున్నారన్నా. రాసి చెప్పమని పలక చేతికిస్తే, దాన్ని కూడా గోడవైపే తిప్పేస్తున్నారు. రేపు పొద్దున డిశ్చార్జి. ఇంటికి వెళ్తూ ఇక్కడ ఆగి వినిపిద్దామని…”

వారం పడుతుందని చెప్పబోయిన బావ నోరు, దానంతటదే “అలాగేనమ్మా” అనేసింది.

గంట క్యాసెట్టు ఎక్కడానికి గంట పడుతుంది. బతిమాలినా, తిట్టినా గంటే. అదీ అన్నీ సవ్యంగా ఉంటే.

అలాంటి చిన్న క్యాసెట్టు ఆడేది కెమెరాలోనే. దాన్ని తగిలిస్తే కంప్యూటరు ఎరగనట్టు మొహం పెట్టింది. వైరు పీకి, అన్నీ ఆపి, ముందు కెమెరా వెలిగించి, తర్వాత కంప్యూటరు వెలిగిస్తే అప్పుడు పలకరించింది. బొమ్మ వచ్చింది… గళ్ళు గళ్ళుగా. మాట వచ్చింది… ఎక్కిళ్ళుగా. లోపల టేపుని చదివే హెడ్డుకి మురికి పట్టిందన్నమాట. శుభ్రం చేసే క్యాసెట్టు పెట్టి పది సెకన్లు తిప్పాడు.

ఈలోగా బయట చీకటి పడింది.

బల్ల మీద చోటు లేక, కెమెరా వెనక అల్మరా మీద ఉంది. తెర మీద మెరుపు పడుతోందని బావ ట్యూబులైటు ఆపేసి ఉన్నాడు. నర్సమ్మ క్యాసెట్టు మళ్ళీ పెట్టి, చీకట్లో తడుముతూ మీట తిప్పి, బటను నొక్కాడు. తిరగలేదు. పక్కది నొక్కాడు. దాని పక్కదీ నొక్కాడు — లిఫ్టు రాకపోతే మనం నొక్కమూ, అలా.

వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

తెర మీద బొమ్మ కదిలింది.

చీకటి గది. మధ్యలో కుర్చీ. కుర్చీలో… ఎవడో.

వీపు ఇటు.

నడినెత్తిన గుండ్రంగా, సాసరంత మేర… నున్నగా మెరుస్తోంది.

నర్సమ్మ నాన్నగారు కాబోలు అనుకుని బావ ముందుకి వంగాడు. వాడూ — ఒక్క క్షణం ఆగి — ముందుకి వంగాడు.

బావ చెయ్యి మెల్లగా పైకెత్తాడు.

వాడూ ఎత్తాడు.

“ఎ… ఎవరది?”

బావ గిరుక్కున వెనక్కి తిరిగి చూశాడు. గది ఖాళీ. హమ్మయ్య అని మళ్ళీ తెరవైపు తిరిగేసరికి —

వాడు అప్పుడే మొహం అటు తిప్పేసుకుంటున్నాడు!

ఆ మెట్లు ఎన్ని ఉంటాయో బావకి ఆ పూట తెలియలేదు. కింద టైలరక్క కొట్లో పడ్డాక చూసుకుంటే ఒక కాలికే చెప్పుంది.

“అక్కా… వాడు… కుర్చీలో…”

టైలరక్క నోట్లోని గుండుసూదులు తీసి, టేపు మెళ్ళో వేసుకుని లేచింది. “పద తమ్ముడూ. వీపేగా చూపిస్తాడు, కొలతలు సులువు.”

పైకెళ్ళి తెర ముందు నిలబడింది. కుర్చీ ఖాళీ. దాని పక్కన ఇప్పుడో ఆడమనిషి వీపు. బావ తలుపు వదల్లేదు.

“ఈ జాకెట్టు నేను కుట్టుకున్నదే,” అంది టైలరక్క. “నువ్వు రా. కూర్చో ఆ కుర్చీలో.”

కూర్చున్నాడు.

“అదిగో నీ దెయ్యం.”

బావ నడినెత్తి తడుముకున్నాడు. తెర మీద చెయ్యి సాసరు దగ్గరికి వెళ్ళింది.

“నాకు… బట్టతలా?”

“అద్దం ఎప్పుడూ ముందునుంచే చూపిస్తుంది తమ్ముడూ. వీధంతా ఎరుగుదుం.”

బావ లేచి కెమెరా చూశాడు. మీట ఒక మెట్టు ఎక్కువ తిరిగింది. అది క్యాసెట్టులోది చూపించడం మానేసి ఎదురుగా ఉన్నదాన్ని, ఒక్క క్షణం ఆలస్యంగా, చూపిస్తోంది. నవ్వబోయాడు… నవ్వు సగంలో ఆగిపోయింది.

తను బటన్లన్నీ నొక్కాడు. రికార్డు చేసేది కూడా.

అంటే ఆ పెద్దాయన గొంతు చెరిగిపోతూ, దాని మీద తన బట్టతల ఎక్కుతోంది…

“అక్కా,” అన్నాడు. దెయ్యాన్ని చూసినప్పుడు కూడా అంత సన్నగా పలకలేదట.

కెమెరా మీద చిన్న గుర్తు మిణుకుమిణుకుమంటోంది. కళ్ళు చికిలించి చదివాడు — క్యాసెట్టుకి తాళం ఉంది, రికార్డు చెయ్యను. బయటికి తీసి చూస్తే వెనక బుల్లి గడియ పక్కకి జరిపి ఉంది. దాని పక్కన బాల్‌పెన్నుతో చీమల్లాంటి గొలుసుకట్టు రాత: “అమ్మాయి తీసింది. చెరపరాదు.”

ముందే చదివుంటే బావకి గుండె రెండోసారి ఆగేది కాదు. కానీ చదివి పని మొదలుపెట్టే మనిషైతే నా పెళ్ళి క్యాసెట్టూ బతికుండేది.

క్యాసెట్టు మళ్ళీ పెట్టి, మీట సరిగ్గా తిప్పి నొక్కాడు. గళ్ళు లేవు. ఎక్కిళ్ళు లేవు. బొమ్మా లేదు — ఒట్టి చీకటి. ఆ చీకట్లోంచి…

“ఎంతసేపే తల్లీ ఇలా నిలబడటం?”

ఈసారి టైలరక్క బావ చొక్కా పట్టుకుంది.

“కదలకు నాన్నా! నువ్వు కనిపించట్లేదు.”

“కెమెరా మూత తీశావా?”

“తీశాను!”

“చేత్తో తడిమి చూడవే, మొద్దూ.”

“తీశానన్నానా!”

నలభై నిమిషాలు అదే పోట్లాట, మధ్యమధ్య ఆగకుండా నవ్వులు. ఆ మూత ఊడనే లేదు.

పొద్దున నర్సమ్మ నాన్నని చెయ్యి పట్టుకుని ఎక్కించింది. మెడకి కట్టు, నేలమీదే చూపు. “బొమ్మ లేదు బాబాయ్, మాటే ఉంది,” అని బావ నసిగి, బటను నొక్కాడు.

పెద్దాయన ముందు కదల్లేదు. తర్వాత తలెత్తాడు. నల్లటి తెరని చూస్తూ ఉండగా భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. శబ్దం లేదు గానీ, అది నవ్వే.

“నలభై నిమిషాలూ మూతతోనే తీశానా!” అని నర్సమ్మ చేతుల్లో మొహం దాచుకుంది.

ఆయన కూతురివైపు తిరిగాడు. పెదాలు కదిలాయి. సరిగ్గా అదే క్షణంలో, ఆయన నోట్లోంచే వచ్చినట్టు, గదిలో మాట వినిపించింది —

“మూత తీశావా?”

పట్టపగలు పది గంటలకి బావకి ఒళ్ళు ఝల్లుమంది.

నర్సమ్మ కళ్ళు తుడుచుకుని, స్పీకరు పెట్టెలోని పిల్ల గొంతుతో గొంతు కలిపి అరిచింది —

“తీశాను!”