రాయపురం మిద్దె మీద బోను

“వాన పడేలోగా ఆ బోను దొరకాలి,” అన్నాడు చీఫ్ అచ్యుతరామయ్య. మద్రాసు మాధవరంలో ఒక పాలబూత్ వెనక గది. అదే వాళ్ల హెడ్డాఫీసు.

“దాన్నిండా పందికొక్కులు. అన్నిటికీ హంటావైరస్ ఎక్కించింది విదేశీ ముఠా. ఆరుబయట పెట్టారు. లాచ్‌కి రెయిన్ సెన్సర్. ఒక్క చినుకు తగిలితే తలుపు తెరుచుకుంటుంది.”

“వానే ఏమిటికి సార్?” అడిగింది ఏజెంట్ జెబ.

“ఎండలో వదిలితే కలుగుల్లోకి చెదిరిపోతాయి. వానకి కలుగులు మునుగుతాయి. అప్పుడు పొడి చోటు కోసం ఇళ్లలో దూరతాయి. ఇరుకులో కరుచుకుని జబ్బు పంచుకుంటాయి. వాటి ఉచ్చ ఎండిన దుమ్ము పీల్చినా చాలు, మన పీకల మీదికొస్తుంది.”

“యాడుంది బోను?”

“రాయపురంలో.”

జెబ లేచి నిలబడింది. వాళ్లమ్మ పాప్పాత్తి ఉండేది అక్కడే, చేపల హార్బరు వెనక సందులో.

చీఫ్ ఒక మాస్కూ, ఒక గొడుగూ ఇచ్చాడు. గొడుగు పిడిలో కెమెరా, కొసలో మత్తు సూది. పోయినసారి ఆయనిచ్చిన స్పై పెన్ను కనీసం రాయను కూడా రాయలేదు. “డాక్టర్ నీహారికని కలువు. ఎలుకల మీద రీసెర్చ్. మన మనిషే.”

“నమ్మొచ్చా?”

“నమ్మినట్టుండు.”

హార్బరులో జెబ చేపలమ్మేదాని వేషంలో తట్టతో కూర్చుంది. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో ఒకామె వచ్చి ఆగింది.

“వంజరం ఉందా?”

“గాలి మారినాక రండి.”

కోడ్ సరిపోయింది. కానీ చేపల మార్కెట్‌కి సెంటు పూసుకొచ్చే మనుషులంటే జెబకి మొదట్నుంచీ అనుమానమే.

“బోను తిరువొత్తియూరులో తెరిచేశారు!” అంది నీహారిక. “పొద్దున అక్కడి కలుగుల్లోనే జబ్బు పందికొక్కుల్ని పట్టాం. వెంటనే వెళ్లండి.”

నిన్న రాత్రి తిరువొత్తియూరులో కుండపోత అని జెబకి తెలుసు. రాయపురంలో చినుకు లేదు. మద్రాసు వాన తీరే అంత.

“కలుగులన్నీ మునిగిపోయుంటే కొక్కులు ఆడేం చేస్తాండాయి డాక్టరమ్మా? ఈత నేర్చుకుంటాండాయా?” అడిగింది జెబ.

నీహారిక మొహం మాడిపోయింది. చూపు ఒక్క క్షణం పాత ఐస్ గోడౌన్ మిద్దె మీదికి పోయింది. ఆ పక్కిల్లే పాప్పాత్తిది!

హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ బయటికొచ్చింది. జెబ గొడుగు మీట నొక్కింది. సూది రాలేదు. ఛీ, పాడు గొడుగు! తట్టెత్తి చేపలన్నీ ఆమె మొహాన కుమ్మరించింది. నీహారిక జారి పడింది. చేపలమ్మే ఆడవాళ్లు ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు.

జెబ మాస్కు బిగించి గోడౌన్ మెట్లెక్కింది. మిద్దె మీద బోను. లోపల కీచుకీచులు. పైన నల్లటి మబ్బు. సెన్సర్ మీద ఎర్రలైటు. ఆమె చేతి మీద చినుకు రాలింది. ఒక్క ఉదుటున దూకి గొడుగు విప్పి బోను మీద పట్టింది. టప్‌మని మోగింది గుడ్డ.

ఆ వెంటనే వాన దంచి కొట్టింది. పక్క మిద్దె మీద ఎండుచేపలు ఎత్తుకుంటున్న పాప్పాత్తి కూతుర్ని చూసి కేకేసింది.

“అయ్యయ్యో, జెబా! తడిసి ముద్దయినావు గదే! కొక్కులకి గొడుగు పడతారటే? నీ నెత్తిన పట్టుకో!”

“నువ్వు లోపలికి పో మా! తలుపేసుకో!” అరిచింది జెబ. అమ్మ క్షేమంగా ఉంది. ఏడుపొచ్చింది. వానలో ఎవరికి తెలుస్తుంది!

చెవిలో చీఫ్ గొంతు. “మన గొడుగు పనిచేసిందా?”

“చేస్తాండాది సార్,” ముక్కు ఎగబీల్చింది జెబ. “గొడుగు మాదిరి.”