ఆఖరి మనిషి లేచేదాకా

అన్యాయం జరిగింది ఆ ఇంటి ఆడపడుచుకి. నిరుడు జూన్ నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, అందరూ కడుపునిండా తిని చేతులు తుడుచుకున్నాక.

"హాలు కొత్తగా చేయించుకుందాం అనుకుంటున్నాం అక్కా," అన్నాడు తమ్ముడు.

"మంచిదేగా," అందామె.

"కొత్త హాల్లో మీ మంచం ఏం బాగుంటుంది వదినా," అంది తమ్ముడి భార్య.

అంతే. ఎవరూ గొంతు పెంచలేదు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఇరవై ఏళ్ళపాటు ఆ హాల్లో గోడవారగా పడుకున్న మనిషిని తీసుకెళ్ళి ఊరి చివర పెద్దవాళ్ళ హాస్టల్లో చేర్చారు. నెల తిరక్కుండా ఆమె పోయింది. గుండె ఆగిందన్నారు. పోయినవాళ్ళందరికీ ఆగేది అదే కదా. జనం నోళ్ళు చల్లారేదాకా ఏడాది పైన ఆగి, అప్పుడు కబురు పెట్టారు కుర్చీలావిడకి.

హాళ్ళు సర్దడం కుర్చీలావిడ పని. ఎవరింటికెళ్ళినా, కూర్చోమన్న కుర్చీని ముందు కాస్త జరిపి, అటూ ఇటూ చూసి, అప్పుడు కూర్చుంటుంది. ఆ పేరు అందుకే వచ్చింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాత పత్రికలు కిలోల లెక్కన కొని చదివింది. పెళ్ళి జోలికి పోలేదు. నోరు మాత్రం ఏ గదిలో ఉన్నా పక్క గదిలోకి వినిపిస్తుంది.

"నడినెత్తిన ఒక్క లైటు పెట్టి దాన్ని వెలుతురంటారా? అది పోలీసులు ప్రశ్నలడిగే గది. మూడు మూలల్లో మూడు చిన్న దీపాలు పెట్టండి, మీ మొహాలు మీకే నచ్చుతాయి," అనేది. "కర్టెను కిటికీ కొలతకి కుట్టించారా? పొట్టి లాగు తొడిగినట్టుంది. పైకప్పు నుంచి నేలదాకా వదలండి." ఊరంతా ఆమె మాట వింది. ఊరంతటి హాళ్ళూ సర్దిన ఆమె రాత్రయితే తన తమ్ముడి ఇంట్లో, హాల్లో, టీపాయ్ పక్కకి జరుపుకుని కింద పక్క పరుచుకునేది. గోడవైపు తిరిగి పడుకునేది, ఎవరైనా మంచినీళ్ళకి లేస్తే తన మొహం మీద వెలుతురు పడకుండా.

అది తనకి కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. "మీకొక్కో గది, నాకు హాలంతా," అని జోకు వేసేది. ఈమధ్యే ఆ జోకు వెయ్యడం మానేసింది. ఎందుకంటే ఈమధ్యే మరదలు మొదలుపెట్టింది.

"ఊరివాళ్ళ హాళ్ళన్నీ మెరిపిస్తారు. మనది ఎప్పుడు వదినా?"

"మనదానికేం, బాగానే ఉందిగా."

"ఏం బాగు. పొద్దున్నే ఎవరైనా వస్తే మీ పక్కబట్టల మీంచి దాటి రావాలి."

కుర్చీలావిడ పక్కబట్టలు ఇంకాస్త గట్టిగా చుట్టింది. ఆ గోడవార జానెడు చోటు పోతే, ఈ భూమ్మీద ఆమె వీపు వాల్చడానికి ఇంకో చోటు లేదు.

కబురు పెట్టిన ఇంటి ఇల్లాలు తలుపు దగ్గరే చెప్పేసింది.

"రంగులూ దీపాలూ మీ ఇష్టం. నాకు ఒక్కటే కావాలి. ఈ హాల్లో ఇంకెవరూ పడుకోడానికి వీల్లేకుండా సర్దండి."

విచిత్రమైన కోరిక అనుకుంది కుర్చీలావిడ. అడగలేదు. అడిగుంటే బాగుండేది.

పొడుగు సోఫా తీయించి, చేతులున్న విడి కుర్చీలు నాలుగు వేయించింది. మధ్యలో నల్లరాతి టేబుల్, ఇద్దరు మగాళ్ళు ఊపిరి బిగబట్టి పట్టుకుంటేగాని లేవనిది. గోడవారంతా మొక్కల కుండీలు, పొట్టి పుస్తకాల అర. ఒక్క గోడకి ముదురాకుపచ్చ, తక్కినవాటికి పాలమీగడ రంగు. కిటికీ కెదురుగా పెద్ద అద్దం. నాలుగు కుర్చీల ముందుకాళ్ళూ తివాచీ మీద ఆనేలా చూసింది, లేకపోతే సామాను నీళ్ళలో తేలుతున్నట్టుంటుందని. పనయ్యాక చూస్తే హాలు అందంగా ఉంది. నేల మీద ఒక్క మనిషి నడుం వాల్చే జాగా లేదు.

మూడో రోజు పొద్దున్న ఫోనొచ్చింది.

వెళ్ళి చూసింది. రాతి టేబుల్ గోడకి ఆని ఉంది. కుర్చీలు నాలుగూ వీపులు తిప్పుకుని ఉన్నాయి. కుండీలు ఒకదాని పక్కన ఒకటి, చప్పుడు కాకుండా సర్దినట్టు, వరసగా. గోడవారగా ఆరడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు ఖాళీ. తివాచీ అంచు మడిచి ఉంది. ఆ మడత మధ్యలో గుంట. తల ఆనితే పడే గుంట.

"మీ పనివాళ్ళ దగ్గర మారుతాళం ఉంది," అన్నాడు ఇంటాయన.

"ఉంటే టీవీ పట్టుకుపోతారుగాని, కుండీలు సర్దిపోతారా?"

"మరి ఎవరు? రోజూ ఇదే. రోజూ మేమిద్దరం మళ్ళీ లాగలేక చస్తున్నాం."

కుర్చీలావిడ ఆ ఖాళీని చూస్తూ నిలబడింది. దొంగలు సామాను ఇలా జరపరు. పిల్లలు జరపరు. కుర్చీల వీపులు తిప్పేది, వంటింట్లోకి వెళ్ళేవాళ్ళ కళ్ళు తన మీద పడకుండా. కుండీలు ఎత్తి పెట్టేది, ఈడిస్తే లోపలివాళ్ళు లేస్తారని. ఇవన్నీ ఆమెకి తెలుసు. ఆమె చేతులకి తెలుసు.

"ఇక్కడ ఇంతకుముందు ఎవరు పడుకునేవాళ్ళు?" అంది మెల్లగా.

ఇల్లాలు మొగుడి మొహం చూసింది. మొగుడు కిటికీ చూశాడు. అప్పుడు ముక్కలు ముక్కలుగా బయటపడింది ఆ ఆదివారం సంగతి.

"ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నాడాయన. "హాలు మీరు సర్దారు. ఇది ఇలాగే ఉంటే మీ పనివాళ్ళే చేస్తున్నారని నలుగురికీ చెప్పాల్సొస్తుంది."

ఆ మాటకి ఆమెకి ఒళ్ళు మండింది. పేరు పోతే పని పోతుంది. పని పోతే తమ్ముడింట్లో ఆ మాత్రం చోటుకి కూడా మొహం చెల్లదు.

"ఇవాళ రాత్రి నేనే ఈ హాల్లో కూర్చుంటాను," అంది. "మీరు లోపల గొళ్ళెం పెట్టుకుని పడుకోండి. ఎవరొస్తారో నేనూ చూస్తా."

ముగ్గురూ కలిసి టేబుల్ని మధ్యకి లాగారు. కుండీలు గోడవారకి చేరాయి. చీకటి పడింది. పడగ్గది తలుపు మూసుకుంది. గొళ్ళెం పడింది. కాసేపు లోపల మాటలు, తర్వాత ఒక దగ్గు, తర్వాత ఏమీ లేదు.

మూలదీపం ఒక్కటి ఉంచుకుని కుర్చీలో కూర్చుంది. కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. కుండీల్లో తడిమట్టి వాసన. కిటికీ అవతల వీధిలో ఎప్పుడో ఒక బండి వెళ్తే, దాని వెలుతురు గోడ మీద పాకి, అద్దంలో దూరి, ఆరిపోయేది. ఎంత సర్దినా హాలంటే ఇంతే, జనం లేచి వెళ్ళిపోయాక రైలు లేని స్టేషన్‌లా ఉంటుంది. ఆమెకి అలవాటే. ఇన్నేళ్ళుగా రాత్రి పూట ఆమెకి తోడున్నది ఫ్రిజ్ మూలుగొక్కటే.

ఆ మూలుగు ఆగింది.

వంటింటి వైపు చీకటిగా ఉంది. అక్కణ్ణుంచి ఒక వాసన... నొప్పుల మందు వాసన. మోకాళ్ళకి రాసుకునేది. రంగు వాసనని పక్కకి నెట్టి, నిదానంగా వచ్చింది.

తర్వాత చప్పుడు. బట్ట బట్టకి రాసుకున్న చప్పుడు. ఎవరో మడిచిన దుప్పటిని ఒక చంక లోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నట్టు.

కుర్చీలావిడ కదల్లేదు.

ఎముక పటుక్కుమంది. ఒక కాలి మీద బరువు ఇంకో కాలి మీదికి మారింది. వంటింటి గుమ్మంలో... ఎవరో నిలబడి ఉన్నారు. ఊరికే. ఓపిగ్గా.

అప్పుడు ఆవలింత వినబడింది. పూర్తిది కాదు. సగంలో నోరు మూసుకుని, ముక్కుతో వదిలేసినది.

ఆ ఆవలింతని ఆమె గుర్తుపట్టింది. ఎందుకంటే అది తనది. తమ్ముడింటికి చుట్టాలొచ్చి టీవీ ముందు కదలకుండా కూర్చున్న రాత్రుల్లో, వంటింట్లో నిలబడి, తను ఎన్నిసార్లు అలా ఆవలింత మింగిందో లెక్కలేదు. హాల్లో పడుకునేవాళ్ళకి నిద్రవేళ వాళ్ళది కాదు. ఆఖరి మనిషి లేచేదాకా ఆగాలి.

ఈ రాత్రి ఆఖరి మనిషి తనే.

లేస్తే సరిపోతుంది. లేచి బయట వరండాలోకి వెళ్తే, ఆ వచ్చినామె పాపం నడుం వాలుస్తుంది. కాని పొద్దున్నకి టేబుల్ గోడకి చేరుతుంది. ఊరంతా దొంగపేరు.

కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఎదురుగా తను తగిలించిన అద్దం. దానివైపు చూడలేదు.

"ఇంకా కూర్చుంటావా అమ్మా..."

గుసగుస. చెవి పక్కన కాదు. గుమ్మం దగ్గరే. ఇబ్బంది పెడుతున్నానేమో అన్నట్టు.

"కూర్చుంటాను," అంది సన్నగా.

"నడుం లాగేస్తోంది..."



మళ్ళీ కాలు మారింది. మళ్ళీ దుప్పటి చంక మారింది. మందు వాసన చిక్కబడింది. మూలదీపం వెలుగుతూనే ఉంది గాని, దాని వెలుతురు కుర్చీ దాటి అటు పోవడం లేదు.

"ఇవాళ మీ ఇంటికి వెళ్ళవా?"

"వెళ్ళను." ఈసారి గొంతు గట్టిగానే వచ్చింది. తెగించినవాళ్ళ గొంతు. "తెల్లారేదాకా ఇక్కడే."

"అలాగా..."

నిట్టూర్పు. అందులో కోపం లేదు. బరువు దించుకున్నట్టుంది.

ఒట్టికాళ్ళ అడుగులు కుర్చీ వెనకనుంచి వెళ్ళాయి. మెత్తగా. ఎవరి నిద్రా చెడకుండా ఇరవై ఏళ్ళు నడిచిన అడుగులు. మెడ మీద చల్లగాలి. వీధితలుపు గడియ ఏమాత్రం చప్పుడు లేకుండా తీసి... అంతే నెమ్మదిగా మూసినట్టు... 

ఫ్రిజ్ మళ్ళీ మూలిగింది.

తెల్లారింది. కుండీ కుండీలాగే, కుర్చీ కుర్చీలాగే. ఇల్లాలు తలుపు తెరిచి చూసి నవ్వింది.

"చూశారా, మనిషి కాపలా ఉంటే ఎవరూ రాలేదు. నేను అనుకుంటూనే ఉన్నా."

కుర్చీలావిడ చెప్పులు వేసుకుని బయటపడింది. దారంతా కళ్ళు మంటలు. ఇంటికెళ్ళి, తమ్ముడి పిల్లలు బడికి పోయాక, కాసేపు నడుం వాలిస్తే చాలు. ఇంకేమీ వద్దనిపించింది.

మరదలు తలుపు తీసింది. చేతిలో కాఫీ. కుర్చీలావిడకి కాఫీ ఆమె చేతుల మీదుగా అందడం అదే మొదటిసారి.

"పొద్దున్నే ఎక్కడికెళ్ళారు వదినా? నే లేచేసరికి పక్క ఖాళీగా ఉంది."

"ఇప్పుడేగా వస్తున్నాను. రాత్రంతా పనిలో ఉన్నా. చెప్పి వెళ్ళానుగా."

"చెప్పారులెండి. మధ్యలో వచ్చేశారు కూడా." మరదలు నవ్వింది. "గడియ తీసిన చప్పుడు కూడా కాలేదు. నేను నీళ్ళకి లేచి చూస్తే పడుకునున్నారు. పిల్లది కలొచ్చి ఏడుస్తూ వస్తే, జరిగి పక్కన చోటిచ్చారు కూడా. మీ ఒళ్ళు చల్లగా ఉందంది."

కుర్చీలావిడ కప్పు కింద పెట్టేసింది.

"నా మొహం చూశావా?"

"గోడవైపు తిరిగి పడుకుంటారుగా, ఎప్పటిలాగే. ఇన్నేళ్ళొచ్చాక మీ మొహం కొత్తగా చూసేదేముంది వదినా?"

లోపల్నుంచి తమ్ముడు వచ్చాడు. టవలు భుజాన ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వే అనకపోతే ఈ మాట నేను జన్మలో అడిగేవాణ్ణి కాదక్కా," అన్నాడు నేల చూస్తూ. "నీకు ఇష్టమైతేనే."

"నేనేమన్నాను?"

"హాలు సర్దుకోండి, నేను హాస్టల్లో చేరతానన్నారుగా రాత్రి," అంది మరదలు. "ఇటు తిరక్కుండానే ఎంత మెత్తగా చెప్పారో. మీరేనా అనిపించింది. ఈయన వద్దన్నా మీరే బతిమాలారు. రోజు కూడా మీరే చెప్పారు. అంత తొందరేంటి అంటే, ఆ రోజుకి అక్కడ గోడవార మంచం ఖాళీ అవుతుందన్నారు."

"ఏ రోజుకి?" అంది కుర్చీలావిడ.

మరదలు గోడ క్యాలెండర్ వైపు చెయ్యి చూపించింది. అందులో ఒక అంకె చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా, వణికే చేత్తో గీసిన గీత. నవంబరు పదహారు.