నూరో బాన

అత్తిమంజేరిపేట దాటి తిరుత్తణి రోడ్డు ఎక్కేముందు, చెరకు తోటల మధ్య పాడుబడిన ఏతం బావి ఒకటుంది. దాని ఊసెత్తితే మావాళ్ళు మాట మార్చేస్తారు. పగలు దాని గట్టు మీద కూర్చుని మీసాలు దువ్వే మగవాళ్ళు కూడా తెల్లవారుజామున అటు అడుగు పెట్టరు. అరమైలు చుట్టు తిరిగి పోతారు... ఆ వేళకు అక్కడ ఎవరో పాడతారట.

ఇలాంటివి నమ్మే మనిషిని కాను నేను. ఇది నాకు భార్గవి చెప్పింది. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ, మొదటి షిఫ్టు, కంపెనీ బస్సులో పక్కపక్క సీట్లు. అబద్ధమాడే పిల్ల కాదు కాబట్టి విన్నది విన్నట్టు చెబుతున్నాను.

భార్గవిని పెంచింది తాత తణికాచలం. ఆ పిల్లకు ప్రాణమైన పాట ఆయన నేర్పిందే — ఏతం పాట. వెనకటికి ఏతం మాను మీద ఒకడు అటూ ఇటూ నడిచి తొక్కేవాడు, కింద ఒకడు బాన పట్టి నీళ్ళు కాలవలోకి వంచేవాడు. పైవాడు పాట ఎత్తుకోవాలి, కిందివాడు అది ఎన్నో బానో చెప్పి ముగించాలి. అలా నూరు బానలు. తణికాచలం కిందివాడు. అందుకని మనవరాలికి సగం పాటే నేర్పాడు. మిగతా సగం ఏదని అడిగితే, అది పైన తొక్కే పచ్చయ్యప్పది, నాది కాదనేవాడు. తొంభై తొమ్మిది దాటి ఎన్నడూ పాడలేదు.

ఎందుకన్నది పోయేముందు చెప్పాడు. ఊళ్ళోకి మొదటి కరెంటు మోటారు వచ్చిన రోజు, పక్క చేలో అది మోగగానే, చూడాలన్న ఆత్రంతో నూరో బాన మధ్యలో వదిలేసి పరుగెత్తాడు. పట్టుకునేవాడు లేక మాను అదుపు తప్పింది. పచ్చయ్యప్పను బావిలోంచి తీసేసరికి ప్రాణం లేదు.

పోయిన మార్గళి నెల చలిలో తాతా పోయాడు. ఇంట్లో భార్గవి ఒక్కతే. ఒక్క మనిషి కోసం పొయ్యి వెలిగించాలంటే ఏడుపొచ్చేదట. పోనీ పాడుకుందామంటే... సగమే కదా. ఆ మిగతా సగం ఒక్కసారి వినాలి, తాత పాటను చివరిదాకా పాడాలి — అంతే ఆ పిల్ల కోరిక.

ఒకరోజు లేవడం ఆలస్యమైంది. బస్సు తప్పిపోతుందని బావి దారినే, కాలవలో దిగి నడిచింది. దట్టంగా మంచు. ఫోను వెలుగు నాలుగడుగులకు మించి పోవడం లేదు.

కిర్రు... కిర్రు...

మాను కదిలిన చప్పుడు. అక్కడి మాను ఎప్పుడో పుచ్చి రాలిపోయింది.

"మిరప నారుకు దప్పి..."

బొంగురు గొంతు. ఒక ముక్క పాడి ఆగింది. జవాబు కోసం ఆగింది.

భార్గవి కాళ్ళు పరుగెత్తమంటున్నాయి. నోరు మాత్రం అలవాటుగా అందుకుంది.

"తీరె తొంభై ఎనిమిది..."

"చెరకు తోటకు దప్పి..."

"తీరె తొంభై తొమ్మిది..."

తరవాత అదే గొంతు — బాగా అలిసిపోయి —

"తొక్కేవానికి దప్పి..."

దీనికి జవాబు ఆ పిల్లకు రాదు. తాత నేర్పలేదు. గొంతు మళ్ళీ అదే అడిగింది... ఈసారి ఇంకా దగ్గర నుంచి.

అప్పుడు సరిగ్గా ఆమె వెనక నుంచి —

"తీరె నూరు... దిగు పచ్చయ్యా."

తాత గొంతు.

కాలవలో నీళ్ళు పడిన చప్పుడైంది. కిర్రుమనడం ఆగిపోయింది.

వెనక్కి చూశావా అని అడిగాను. లేదంది. చూస్తే వెళ్ళిపోతాడేమోనని అలాగే నిలబడిందట. తెల్లవారాక తిరిగి చూస్తే ఎవరూ లేరు. ఎన్నో ఏళ్ళుగా ఎండిపోయిన కాలవ. అందులో నిలబడ్డ తన పాదాలు మాత్రం తడిసి ఉన్నాయి.

ఇప్పుడు రోజూ ఆ దారినే వస్తుంది. నాకు కోపమొచ్చి, ఆ చీకట్లో ఒంటరిగా నీకు భయం లేదా అని తిట్టాను.

భార్గవి కిటికీలోంచి బయటికే చూస్తూ మెల్లగా అంది:

"భయం ఎందుకక్కా... దినామూ ఆడ నిలబడి తొంభై తొమ్మిది దాకా పాడతా ఉండా. ఎవురూ పలకడం లేదు."